దారమ్మకు పదకొండు వేల ఫాలోయర్లు

చరిత్రకారుడికి చరిత్ర తెలియనక్కరలేదు. కనబడితే చాలు!

ఈ మాట అనగానే కొందరు పెద్దలు కళ్లజోడు సవరించుకుంటారని తెలుసు. సవరించుకోండి, కానీ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మీ జిల్లాలో శాసనాలు చదవగలిగిన మాస్టార్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసా? తెలియదు. ఎందుకు తెలియదు? వాళ్లంతా మిట్టమధ్యాహ్నం ఎండలో ఏదో రాయి ముందు బోర్లా పడుకుని ఉన్నారు కాబట్టి! బోర్లా పడుకున్న మనిషి దేశానికి ఎలా కనబడతాడు?

లేచి నిలబడాలి. చేతులు కట్టుకోవాలి. కాస్త పక్కకు తిరిగి, దూరంగా ఉన్న దేన్నో చూసి నవ్వుతున్నట్టు ఫొటో దిగాలి. దాన్ని నెట్‌లో పెట్టాలి. చరిత్ర అప్పుడు మొదలవుతుంది. అంతకుముందు జరిగిందంతా ఉత్త కాలక్షేపం.

ఆన్‌లైన్ విజిబిలిటీ ప్రాంతీయ చరిత్రకారుల పాలిట వరమని నా గట్టి నమ్మకం. ఒప్పుకోనివాళ్లు బానోతు రూప్లా మాస్టారి సంగతి వినండి.

రూప్లా మాస్టారు కల్లూరు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతారు. సెలవు దొరికితే ఆయన ఇంట్లో దొరకరు. మంచినీళ్ల సీసా, మెత్తటి బ్రష్షు, కాగితాల చుట్ట సంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి, భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఉసిరిగుంపులో తేలతారు. నలభై గడపల కోయపల్లె అది. ఆ ఊరి మలుపులో, రోడ్డు పక్కనే, ఛాతీ ఎత్తు రాయి ఒకటి ఉంది. ఊళ్లోవాళ్లు దాన్ని దారమ్మ అంటారు.

ఆ దారిన వెళ్లేవాళ్లెవరైనా దారమ్మ ముందు ఒక పచ్చటి రెమ్మ వేసి వెళ్లాలి. ఆటోలు ఆగుతాయి, బైకులు ఆగుతాయి. పల్లెవెలుగు బస్సు ఆగకపోయినా నెమ్మదిస్తుంది, కిటికీలోంచి రెమ్మలు పడతాయి. ప్రతి గురువారం పుల్లమ్మ అనే పెద్దావిడ వచ్చి, నూనె కలిపిన పసుపు పట్టించి, కుంకుమ పెట్టి, రాయితో కష్టసుఖాలు మాట్లాడి వెళుతుంది. ఈ కొలువు ఆమెకు అత్తగారి నుంచి వచ్చింది.

పదకొండేళ్ల కిందట ఆ మలుపులో బస్సు పంచరైంది. అందరితో పాటు రూప్లా మాస్టారు కూడా దిగి, రెమ్మ వేసి, దండం పెట్టి, రాయి మీద చెయ్యి ఆనించారు. పసుపు కింద వేళ్లకు అక్షరాలు తగిలాయి! బస్సు బాగైంది, వెళ్లిపోయింది. మాస్టారు వెళ్లలేదు.

పసుపు గీకడానికి ఆయనకు మనసొప్పలేదు. అందుకని వేళ్లతో తడిమి చదవడం నేర్చుకున్నారు. ఏటా విత్తనాల పండుగ రోజు పొద్దున పుల్లమ్మ దారమ్మకు తలంటి స్నానం చేయిస్తుంది. మళ్లీ పసుపు పట్టించేది మధ్యాహ్నమే. ఆ మధ్యలో దొరికే మూడు గంటల్లో మాస్టారు తడి కాగితం అంటించి, సిరా అద్ది, అచ్చు తీసుకునేవారు. ఊరంతా చుట్టూ కూర్చుని చూసేది. పదకొండు పండుగలు, పదకొండు అచ్చులు. మొత్తం పన్నెండు పంక్తులు తేలాయి.

పదకొండు పంక్తుల్లో రాజుగారి బిరుదులు ఉన్నాయి. వాటిని వదిలేద్దాం, కనబడటానికి రాజులకేం కొదవ? పన్నెండో పంక్తిలో ఉంది అసలు మాట. ఈ దారిన ఉప్పు పెరికెలు మోసే ఎద్దులకు సుంకం లేదు అని. పెరికె అంటే ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడే గోనె. రూప్లా మాస్టారి తాత చెప్పేవాడు, మన లంబాడీ పెద్దలు సముద్రం దగ్గర ఉప్పెత్తుకుని, వందల ఎద్దులతో ఈ అడవుల్లోంచే నడిచారురా అని. ఇరవై రెండేళ్లుగా మాస్టారు బళ్లో చెబుతున్న పాఠాల్లో ఆ నడక గురించి ఒక్క ముక్క లేదు. ఉన్న ఒక్క ముక్కా ఈ రాయి మీద ఉంది. ఆ పంక్తిని మొదటిసారి చదివిన రోజు ఆయన రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చారు. పుల్లమ్మ మంచినీళ్లిచ్చింది.

అంతా బాగానే ఉండేది. కానీ రోడ్డు వెడల్పు చేస్తారని కబురొచ్చింది.

మాస్టారు అచ్చులన్నీ చుట్టి సంచిలో పెట్టుకున్నారు. పాత రాళ్లకు రక్షణ కల్పించే ఒక ఆఫీసుకు పరుగెత్తారు. ఏ ఆఫీసని అడగకండి, నేను కల్పించిందే. రాయికి రక్షణ ముద్ర పడితే రోడ్డువాళ్లు ముట్టుకోరు. మాస్టారు ఆరు అర్జీలు పెట్టారు, పదకొండు అచ్చులూ టేబుల్ మీద పరిచారు. ఆఫీసరు గారు వాటి మీద టీ గ్లాసు పెట్టుకుని కంప్యూటర్ కేసి చూశారు.

"మీరు రాసింది మంచిగనే ఉంది మాస్టారూ. కాని మీ పేరు కొడితే వైరాల ఎరువుల దుకాణం వస్తున్నది. మీరు నెట్ల లేనే లేరు! రేపు పైవాళ్లు అడిగితే నేనేం చూపియ్యాలె? జర విజిబిలిటీ పెంచుకొని రాండ్రి."

చూశారా, ఎంత మంచి సలహా! పదకొండేళ్లలో ఒక్కరూ ఆయనకు ఇంత స్పష్టంగా దారి చూపలేదు.

ఆ వారమే ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాల్లో వర్క్‌షాప్ పెట్టారు. 'ప్రాంతీయ చరిత్రకారులకు ప్రొఫెషనల్ నెట్‌వర్కింగ్'. చెప్పేది సంతోష్ అనే బ్రాండింగ్ కోచ్. అంతకుముందు బోరుబండ్ల ఓనర్లకు ఇదే క్లాసు చెప్పాడు, స్లైడ్లలో అక్కడక్కడా బోరు బొమ్మలు మిగిలాయి. చరిత్రకారులు పద్నాలుగు మంది వచ్చారు. నెట్‌వర్కింగ్ చేసుకోండి అని అరగంట వదిలితే, ఒక పాత కోటను ఎవరు కట్టించారన్న దగ్గర రెండు జట్లుగా చీలి అరుచుకున్నారు. ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరు తీసుకోలేదు. ఇలాంటి జాతిని ఎవరు బాగుచెయ్యగలరు?

సంతోష్ చేశాడు. రూప్లా మాస్టారికి నెట్‌వర్కింగ్ సైట్లో ప్రొఫైల్ తెరిచాడు. 'సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు' అని ఉంటే ఎవరూ చూడరట. అందుకని 'హెరిటేజ్ స్టోరీటెల్లర్, ఇన్‌స్క్రిప్షన్ ఎవాంజెలిస్ట్, థాట్ లీడర్' అని పెట్టాడు.

మాస్టారి భార్య జమ్లి అది చదివించుకుని విన్నది.

"లీడర్ ఏంది? ఎలక్షన్ల నిలబడుతున్నవా? నాకు జెప్పకుంట నామినేషన్ ఏసినవా?" అని నిలదీసింది. కాదని చెప్పడానికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత ఆమె లంబాడీలో అన్న మాట నాకు తెలుసు గానీ పత్రికలో రాయను.

ఇక కనెక్షన్ల వరద మొదలైంది. విజయవాడ పళ్ల డాక్టరు ఒకాయన మాస్టారికి శాసన లిపి బాగా వచ్చని ధ్రువీకరించాడు. ఎలా తెలుసని అడక్కూడదు, అది మర్యాద కాదు. ఒక టైల్స్ కంపెనీ మేనేజరు 'రాళ్ల రంగంలో మీ అనుభవం అద్భుతం' అని రాసి, అడుగుకు పాలిషింగ్ ఎంత తీసుకుంటారని కనుక్కున్నాడు. ముఖం చూడని మనుషులు మనల్ని ఇంత నమ్ముతున్నారంటే ఇది వరం కాక మరేమిటి?

మాస్టారు ఉత్సాహపడి పన్నెండు పంక్తుల పాఠం, అర్థం, లిపి విశేషాలు నాలుగు పేజీలు రాసి, రాయి ఫొటోతో సహా పెట్టారు. మూడు లైకులు వచ్చాయి. ఒకటి జమ్లి. ఒకటి ఆయనే. మూడోది కల్లూరు కిరాణా కొట్టాయన, వేలు తగిలిందని మరునాడు వచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు.

సంతోష్ తల పట్టుకున్నాడు.

"అర్థం ఎవరికి గావాలె సార్? సిరా అచ్చులు ఎవరు జూస్తరు? ఫొటో గావాలె. కాని మీ ఫొటోల ఏముంది, పసుపే ఉంది! ఒక్క అక్షరం కనపడ్తలేదు. రాయిని కడిగిచ్చుండ్రి."

"పండుగనాడు కడుగుతరు. ఇంక మూడు నెలలున్నది."

"అల్గారిథం మూడు నెలలు ఆగదు సార్. మూడు రోజులు గూడ ఆగదు!"

మాస్టారు రెండు రోజులు ఆలోచించారు. పండుగ రోజు తప్ప దారమ్మ పసుపు కడగకూడదని ఆయనకు తెలుసు. కానీ ఆఫీసరు గారి మాట కూడా చెవిలో మోగుతోంది. అవతల రోడ్డు పని మొదలైపోయింది. ఆదివారం ఉసిరిగుంపు వెళ్లి, నీళ్లు నములుతూ పుల్లమ్మకు విషయం చెప్పారు. ఒక్క వారం. ఒక్క గురువారం పసుపు ఆపితే చాలు.

"వారం దినాలు అమ్మను ఉత్తగ ఉంచాల్నా సారూ? వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఆమెను ఎట్ల గుర్తువడ్తరు?"

"అవ్వా, ఇప్పుడు దేశమంత గుర్తువడ్తది!"

"దేశం ఈ దారెంట వస్తదా?"

మాస్టారు నవ్వేశారు. పల్లెటూరి మనిషి, ఆమెకు రీచ్ గురించి ఏం తెలుస్తుంది!

"సదువుకున్నోనివి. పదకొండేండ్ల సంది ఎరుకైనోనివి. నీ ఇష్టం సారూ," అంది పుల్లమ్మ. చెంబుతో నీళ్లు ఆమే తెచ్చిచ్చింది.

నూనె జిడ్డు ఒక పట్టాన వదల్లేదు. షాంపూ ప్యాకెట్లు ఆరు పట్టాయి. బ్యాక్‌గ్రౌండ్ నీట్‌గా ఉండాలని సంతోష్ చెప్పాడు కాబట్టి, ముందున్న రెమ్మల కుప్పను కూడా మాస్టారు చీపురుతో ఊడ్చేశారు. ఏటవాలు ఎండలో అక్షరాలు తేటగా లేచి నిలిచాయి. మాస్టారు చేతులు కట్టుకుని, దూరంగా ఉన్న ఒక ఎడ్లకొట్టం కేసి చూసి నవ్వారు.

పోస్టు పేలింది!

'ఒక పాత రాయి నాకు నేర్పిన అయిదు నాయకత్వ పాఠాలు.' శీర్షిక సంతోష్‌ది. ఉప్పు ఎద్దుల పంక్తిని 'లాజిస్టిక్స్ రంగంలో తొలి పన్ను రాయితీ' అని మార్చిందీ అతనే. మొదటి రోజు ఆరు వందలు, మూడో రోజుకు నాలుగు వేలు, వారం తిరిగేసరికి పదకొండు వేల మంది ఫాలోయర్లు. గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చినప్పుడు కూడా నీళ్లు ఇంత వేగంగా పెరగవు. సాక్షాత్తు ఆ ఆఫీసరు గారే చప్పట్ల బొమ్మ నొక్కారు. మాస్టారు ఆ బొమ్మను జమ్లికి చూపించి, ఇక రాయికి ఢోకా లేదన్నారు.

తరువాతి ఆదివారం ఖమ్మంలో ఆయనకు 'డిజిటల్ చరిత్ర శిరోమణి' బిరుదు ఇచ్చారు. ఇచ్చింది సంతోష్ సంస్థే. శాలువా కప్పారు, శాసనం ఆకారంలో గాజు మెమెంటో చేతిలో పెట్టారు. తిరిగి వస్తుంటే వైరా బస్టాండులో ఫోన్ మోగింది. ఉసిరిగుంపులో టీకొట్టు పెట్టుకున్న ముత్యాలు.

"సారూ, దారమ్మ లేదు."

"లేకపోవుడేంది?"

"లేదు సారూ. గుంత ఉన్నది. ఊరంత సంతకు వోయినం. జేసీబీ వచ్చిందంట. ఎత్తి టిప్పర్ల ఏసుకొని పోయిండ్రు."

మాస్టారు శాలువాతోనే బస్సు మారారు. ఉసిరిగుంపు చేరేసరికి రోడ్డువాళ్ల జేసీబీ ఇంకా అక్కడే ఉంది. డ్రైవరు లాలు, తండా కుర్రాడే. మాస్టారు అతని చొక్కా పట్టుకున్నంత పని చేశారు. అతను బిక్కమొహం వేశాడు.

"ఒట్టు సారూ, పసుపు రాయిని నేనెన్నడు ముట్టలే. పసుపు కనబడితే బండి దిగి దండం బెట్టి, పక్కకెల్లి పోత. మా ఇంజినీరు సారు గూడ గంతే, రోడ్డునే వంపుతడు. గాడ ఉత్త రాయి ఉండె. పసుపు లేదు, కుంకుమ లేదు, ఒక్క రెమ్మ లేదు. సాఫ్‌గ ఉండె. షాంపు వాసన గూడ వచ్చె!"

పాఠకులారా, మన రోడ్లు ఎందుకు అన్ని వంకర్లు తిరుగుతాయా అని మీరెప్పుడైనా విసుక్కున్నారా? ఇప్పుడు తెలిసిందా?

మాస్టారికి మాత్రం బాగా తెలిసింది. ఇన్నేళ్లుగా ఆ రాయిని కాపాడింది అర్జీ కాదు, అచ్చు కాదు, ఆయన కాదు. గురువారం పసుపు. ఆ పసుపును షాంపూ పెట్టి కడిగింది తానే. పసుపు లేదని ఆ వారం బండ్లూ ఆగలేదు, రెమ్మలూ పడలేదు. ఆయన గుంత పక్కన కూలబడ్డారు. తాతల గురించిన ఒక్క ముక్కను తన చేతులతో తానే పోగొట్టుకున్నానని వెక్కి వెక్కి ఏడ్చారు. టిప్పర్ ఆ మట్టీ రాళ్లూ ఎక్కడెక్కడ దింపిందో ఎవరికీ సరిగా తెలియదు.

కానీ భయమెందుకు? పదకొండు వేల మంది ఉన్నారు కదా! ఆయన అక్కడే కూర్చుని పోస్టు పెట్టారు. 'మా శాసనం రోడ్డు పనుల్లో మాయమైంది. ఎవరికైనా కనబడితే దయచేసి చెప్పండి.' నిమిషం తిరక్కుండా స్పందన మొదలైంది. 'కంగ్రాట్స్ సర్!' 'వెల్ డిజర్వ్‌డ్!' 'కొత్త ప్రయాణానికి శుభాకాంక్షలు!' సైటు వాళ్లు జవాబులు తయారుచేసి బటన్ల కింద పెట్టి ఉంచుతారు, చదవకుండా నొక్కెయ్యొచ్చు. ఎంత సదుపాయం! పళ్ల డాక్టరు 'ఇన్‌స్పైరింగ్' అన్నాడు. టైల్స్ మేనేజరు అలాంటి రాళ్లు తమ దగ్గర ఏ సైజులోనైనా దొరుకుతాయన్నాడు. ఆఫీసరు గారు మళ్లీ చప్పట్లు కొట్టారు.

పుల్లమ్మ దగ్గర బటన్ల ఫోన్ కూడా లేదు. ఆమె మాస్టారిని ఒక్క మాట అనలేదు.

"ఏడిస్తే వస్తదా సారూ? లే. ఆమె పోయింది రోడ్డు మీదనే గదా. రోడ్డు మీద పోయేటోళ్లనే అడుగుదాం."

అడిగింది. ముత్యాలుతో చెప్పింది, అతను టీ తాగేవాళ్లందరికీ చెప్పాడు. భద్రాచలం బస్సు కండక్టరు దుర్గతో చెప్పింది. దుర్గ టికెట్టు చింపి ఇస్తూ ప్రతి ప్రయాణికుడితోనూ అంది, ఉసిరిగుంపు దారమ్మను ఎవరో ఎత్తుకపోయిండ్రు, యాడన్న కనబడితే చెప్పుండ్రి అని. తునికాకు కట్టలు కట్టే ఆడవాళ్లు విన్నారు, సంతలో ఇప్పపూలు కొలిచేవాళ్లు విన్నారు. ఒక్కరూ కంగ్రాట్స్ అనలేదు. ఈ వెనకబాటుతనం ఎప్పుడు పోతుందో!

మూడోరోజు పొద్దున దుర్గ బస్సు ఆపి, మెట్టు మీదినుంచే అరిచింది. అమ్మోరు దొరికింది!

నాలుగూళ్ల అవతల కల్వర్టు పని దగ్గర కాంక్రీటు కలిపే కూలీ నాగలక్ష్మి గుర్తుపట్టింది. రాయిని బోర్లా పడేసి, దాని మీద సిమెంటు బస్తాలు పేర్చారు. అక్షరాలు కింద ఉన్నాయి. ఉన్నా ఆమెకు చదువు రాదు. కుడి మూపు దగ్గర ఇంత పెచ్చు ఎగిరిపోయి ఉంటుంది దారమ్మకు. పుట్టింటికి వెళ్లిన ప్రతిసారీ రెమ్మ వేసిన మనిషి, ఆ మూపు చూసి పోల్చుకుంది. వెంటనే పక్క ఇంటికి పరుగెత్తి, గుప్పెడు పసుపు అడుక్కొచ్చి, రాయి వీపుకు పులిమేసింది.

అంతే! పని ఆగిపోయింది. మేస్త్రీ చెప్పులు విప్పాడు. బస్తాలు దిగిపోయాయి. పైవాళ్ల ఉత్తర్వు లేదు, సంతకం లేదు, ఫైలు లేదు. ఆ సాయంత్రమే లాలు తన జేసీబీకి వేపమండలు కట్టి, ముందు డోలు మోగుతుండగా, దారమ్మను తీసుకొచ్చి ఉసిరిగుంపు మలుపులో నిలబెట్టాడు. కొబ్బరికాయ కొట్టి చెంపలు వాయించుకున్నాడు.

కిందికి పారిన సిమెంటు నీళ్లు పన్నెండో పంక్తి నిండా పట్టేశాయి. మాస్టారు వేపపుల్లతో మర్నాడు పొద్దుగూకేదాకా ఒక్కొక్క అక్షరంలోంచి తీశారు. ఉప్పు దొరికింది, ఎద్దులు దొరికాయి. 'సుంకం లేదు' అన్న చోట ఒక్క గీత విరిగింది గానీ మాట దక్కింది. అప్పుడు పుల్లమ్మ పసుపు గిన్నె ఆయన ముందు పెట్టింది.

"నువ్వే కడిగినవు. నువ్వే పట్టియ్యి సారూ."

ఆయన పట్టించారు. మోచేతులదాకా పచ్చబడి, అక్షరమన్నది కనబడకుండా మందంగా పట్టించారు. జమ్లి కూడా వచ్చి మొదటి రెమ్మ వేసింది.

ఆ ఫొటో కూడా నెట్‌లో పెట్టారు. మూడు లైకులు వచ్చాయి. జమ్లి, ఆయన, కిరాణా కొట్టాయన. ఈసారి వేలు తగిలి కాదట, కావాలనే నొక్కాడట.

ఇంతకీ ఆన్‌లైన్ విజిబిలిటీ వరమా కాదా? నిస్సందేహంగా వరమే! పదకొండు వేల మంది ఆ రాయిని చూశారు. అందులో ఈ రోజుదాకా ఆ మలుపుకు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. వచ్చి ఉంటే ఎంత తొక్కిసలాట! పుల్లమ్మకు పసుపు పట్టించడానికి చోటు దొరికేదా? ఆఫీసరు గారి ఆఫీసు నుంచి అక్కడికి రెండు గంటల ప్రయాణం. ఆయన కూడా రాలేదు. ఆ మేలు మరువలేం.

ఫైలు ఏమైందంటారా? కదిలింది. మాస్టారికి నెట్‌వర్కింగ్ సైట్లోనే మెసేజ్ వచ్చింది. 'మీ విజిబిలిటీ ప్రశంసనీయం. కానీ తాజా ఫొటోలో అక్షరాలు కనబడటం లేదు. రక్షణ ముద్ర కోసం, పసుపు శుభ్రంగా కడిగించి మరో ఫొటో పంపగలరు.'

రూప్లా మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. కింద సైటు వాళ్లు సిద్ధంగా ఉంచిన బటన్లు కనబడ్డాయి. ఆయన వాటిలో ఒకటి నొక్కి, ఫోన్ జేబులో పడేసి, కిరాణా కొట్లో కిలో పసుపు కట్టించుకుని బస్సెక్కారు.

ఆఫీసరు గారికి జవాబు చేరింది. 'కంగ్రాట్స్ సర్!'